సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు, రోజుకు 60 కిలోమీటర్లు: 2021 నెక్సాన్ తీసుకోవచ్చా?

ఉప్పల్_రింగ్‌రోడ్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇల్లు ఉప్పల్, ఆఫీసు హైటెక్ సిటీ. రానూపోనూ దాదాపు 60 కిలోమీటర్లు, వారానికి ఐదారు రోజులు. ఇప్పుడున్న పాత పెట్రోల్ కారుకు నెలకు పది వేలు దాటుతోంది. సొంత ఇల్లే, కింద పార్కింగ్ ఉంది.

ఘట్‌కేసర్ వైపు ఒకాయన తన 2021 టాటా నెక్సాన్ ఈవీ అమ్ముతున్నారు. పాత మోడల్, 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఒకే ఓనర్, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. 8.25 లక్షలు చెబుతున్నారు, కూర్చుంటే తగ్గుతారు. అత్తగారి ఊరు మిర్యాలగూడ, నెలకోసారి వెళ్లిరావాలి. ఇంట్లో వేరే కారు ఉండదు.

బ్యాటరీ గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పి భయపెడుతున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొని నడుపుతున్నవాళ్లు చెప్పండి. ఏం చూడాలి, ఎంతకు అడగాలి?

ఎల్బీనగర్_చౌరస్తా (హైదరాబాద్)

అన్నా, ఇదే బండి నేను సెకండ్స్‌లో తీసుకుని నడుపుతున్న. సొంత పార్కింగ్ ఉందన్నారు కదా, సగం ప్రశ్నకు అక్కడనే జవాబు దొరికింది. రాత్రి ఇంట్ల చార్జింగ్ పెట్టుకునే వసతి లేనోళ్లకు ఈ బండి నేను చెప్ప. పబ్లిక్ చార్జర్ల మీదనే బతకాలంటే యూనిట్ 18 నుంచి 25 రూపాయలదాకా పడుతది, పైగా అక్కడ లైన్ల నిలబడాలె.

ఒక్క చార్జ్ మీద 312 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పింది, అది ల్యాబ్ లెక్క. కొత్తల సిటీల 200 నుంచి 220 వచ్చేది. మీరు చూస్తున్న బండి 170, 180 ఇస్తే మంచిగున్నట్టే. మీ 60కి అది మస్తు.

ఇంకో ముచ్చట. ఇంటికాడ 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు పెట్టే చార్జర్) పెట్టిస్తమని ఎవరన్నా వస్తే పైసలు ఇయ్యకండి. ఈ మోడల్‌ల ఉన్న ఆన్‌బోర్డ్ చార్జర్, అంటే బండి లోపలిది, 3.3 కిలోవాట్లే, అంతకంటె ఎక్కువ తీసుకోదు. మంచి 16 ఆంప్స్ పాయింట్ చాలు. రోజు వాడింది రాత్రి మూడు నాలుగు గంటలల్ల నిండిపోతది.

గాజువాక_ఇంజనీర్ (విశాఖపట్నం)

పై పోస్టుతో ఏకీభవిస్తాను. బ్యాటరీ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ బేరంలో మీరు కొనేది ముఖ్యంగా దాన్నే. ఏ సంవత్సరం బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

నెక్సాన్‌లో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. హ్యుందాయ్ కోనా లాంటి వాటిలో ఉన్న ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం కంటే బరువెక్కువ, కానీ ఎక్కువసార్లు చార్జ్ చేసినా తట్టుకుంటుంది, వేడికి కూడా కాస్త ఓర్చుకుంటుంది. దీనికో చిక్కుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ మధ్యలో దాదాపు కదలకుండా ఉంటుంది. 70 శాతంలో ఉన్నా 40 శాతంలో ఉన్నా పెద్ద తేడా కనిపించదు. అందుకే అప్పుడప్పుడు నిదానంగా 100 దాకా నింపకపోతే లోపల బ్యాటరీని చూసుకునే కంప్యూటర్ బీఎంఎస్‌కు లెక్క తప్పుతుంది. మీటర్లో 18 శాతం చూపించి ఒక్కసారిగా 8కి పడిపోవడం అలా జరిగేదే. చాలామంది దాన్ని చూసి బ్యాటరీ పోయిందనుకుంటారు. పాత ఓనరు ఎప్పుడూ 30 నుంచి 80 మధ్యలోనే వాడి ఉండొచ్చు. రెండు మూడుసార్లు పూర్తిగా నింపి, తర్వాత పరీక్షించండి.

పరీక్ష ఇలా. ఇంటి ప్లగ్ మీద 100 చేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఆపకుండా 20 శాతం దాకా నడపండి. ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి, కిలోమీటరుకు సగటున ఎన్ని వాట్ అవర్లు తాగింది, రెండూ రాసుకోండి. ఉదాహరణకు 160 కిలోమీటర్లు, సగటు 125 అనుకుందాం. అంటే 20 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) వాడింది. అది 80 శాతానికి కాబట్టి మొత్తం 25 యూనిట్ల సామర్థ్యం మిగిలినట్టు. 30.2తో పోలిస్తే సుమారు 83 శాతం. నిజానికి కొత్త బండిలో కూడా మొత్తం 30.2 వాడుకోనివ్వరు, కొంత అట్టిపెడతారు. కాబట్టి అసలు ఆరోగ్యం ఈ లెక్క కంటే కాస్త మెరుగే ఉంటుంది.

ఎల్బీనగర్_చౌరస్తా (హైదరాబాద్)

ఈ పరీక్షకు మన ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) కంటె మంచి జాగ ఉండదు. ఒక చుట్టు 158 కిలోమీటర్లు. బండి ఘట్‌కేసర్ దగ్గరే ఉన్నది కాబట్టి అక్కడనే ఎక్కి, 80 స్పీడు దాటకుంట, ఏసీ వేసుకుని ఒక చుట్టు తిరిగి అక్కడనే దిగండి. టోల్ మీరే కట్టండి, ఓనర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు గంటలు ఆయనతోని మాట్లాడితే బండి గురించి సగం సంగతులు ఆయన నోటి నుంచే వస్తయి.

కూకట్‌పల్లి_వై జంక్షన్ (హైదరాబాద్)

అందరూ కొనమనే చెబుతున్నారు, రెండో వైపు కూడా చూడండి. 8.25 అంటే నాకు ఎక్కువే అనిపిస్తోంది. కొత్త టాటా టియాగో ఈవీ ఎక్స్‌షోరూమ్ 2025లో 7.99 లక్షల నుంచి మొదలైంది. అందులో ఆ ధరకొచ్చేది చిన్న 19.2 బ్యాటరీ, నిజమే, కానీ వారంటీ మొదటి రోజు నుంచి మీదే. పైగా 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, ఈవీల మీద 5 శాతం అలాగే ఉంది. కొత్త పెట్రోల్ బండి చవకైతే పాత ఈవీ ధర కూడా దిగాలి కదా. మూడేళ్ల తర్వాత మీరు అమ్మబోతే వారంటీ అయిపోయిన ఎలక్ట్రిక్ బండిని ఎవరు కొంటారు?

కరెంటు బిల్లు గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు. కిలోమీటరుకు రూపాయి అని అందరూ అంటారు, స్లాబులు మారితే ఆ రూపాయి నిలవదు.

గాజువాక_ఇంజనీర్ (విశాఖపట్నం)

> మూడేళ్ల తర్వాత మీరు అమ్మబోతే వారంటీ అయిపోయిన ఎలక్ట్రిక్ బండిని ఎవరు కొంటారు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఈ బండిని అమ్మే లెక్కతో కాకుండా అరగదీసే లెక్కతో కొనాలి. బ్యాటరీ, మోటారు వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2021లో రిజిస్టర్ అయింది కాబట్టి 2029 దాకా ఉంది. ఏడాదికి 18 వేలు తిప్పినా కిలోమీటర్ల హద్దు ఈలోగా రాదు. వారంటీ పుస్తకంలో సామర్థ్యం ఎంత శాతం కంటే పడితే మారుస్తారో చదవండి. సర్వీసులు కంపెనీ సెంటర్లోనే సమయానికి చేయించిన రికార్డు ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే వారంటీ అడిగే రోజు వాదన మొదలవుతుంది.

ఇదే చర్చ చదివే మిగతావాళ్లకు ఒక మాట. ఈమధ్య వచ్చిన ఎంజీ విండ్సర్ లాంటి కొన్ని బండ్లకు లైఫ్‌టైమ్ బ్యాటరీ వారంటీ అంటున్నారు. అది మొదటి ఓనరుకే. చేతులు మారితే 8 ఏళ్లు, 1.6 లక్షల కిలోమీటర్లకు దిగుతుంది. అమ్మేవాళ్లు లైఫ్‌టైమ్ అని చెప్పి ధర పెంచితే ఒప్పుకోకండి.

ఉప్పల్_రింగ్‌రోడ్ (హైదరాబాద్)

కూకట్‌పల్లి అన్న అడిగాక కూర్చుని బిల్లు లెక్క వేశాను. తప్పుంటే సరిచేయండి.

మా ఇంట్లో నెలకు 200 యూనిట్ల లోపే వస్తుంది. మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి 100కు 4.80, కలిపి 820. కారుకు నెలకు 1,500 కిలోమీటర్లు. చార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే యూనిట్‌కు 6 కిలోమీటర్లు అనుకున్నాను, అంటే 250 యూనిట్లు. మొత్తం 450. 200 దాటగానే కింది రేట్లు కూడా మారిపోతాయి. మొదటి 200కు 5.10 చొప్పున 1,020, తర్వాతి 100కు 7.70 చొప్పున 770, ఆపై 100కు 9 చొప్పున 900, చివరి 50కి 9.50 చొప్పున 475. మొత్తం 3,165. ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే కారు వల్ల పెరిగింది 2,345. కిలోమీటరుకు రూపాయిన్నర పైన.

పెట్రోల్ లీటరు 107, సిటీలో 15 మైలేజీ అనుకుంటే అదే 1,500 కిలోమీటర్లకు 10,700. స్లాబు మారినా నెలకు ఎనిమిది వేలు మిగులుతోంది.

కూకట్‌పల్లి_వై జంక్షన్ (హైదరాబాద్)

లెక్క సరిగ్గానే ఉంది, మీ వాడకానికి ఒప్పుకుంటాను. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం ఆ మిగులు మూడు వేలు కూడా ఉండదు. వాళ్లు ఈ తలనొప్పి పెట్టుకోనక్కర్లేదని నా ఉద్దేశం.

తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) వస్తున్న ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 200 దాటిన నెల జీరో బిల్లు పోతుంది. అలాంటివాళ్లు ఈవీ చార్జింగ్ కేటగిరీలో విడిగా మీటరు తీసుకోవడం మేలు. అందులో ఇంటి మీటరులాగా పెరుగుతూపోయే స్లాబులు ఉండవు.

పటమట_లంక (విజయవాడ)

ఆంధ్రాలో స్లాబులు ఇంకోలా ఉంటాయండి. 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, 400 దాటితే 9.75. కాకపోతే మా దగ్గర కింది స్లాబు రేటు పోదు, పెరిగిన యూనిట్లకే పెద్ద రేటు పడుతుంది. మేం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం, 78 వేలు సబ్సిడీ వచ్చింది. ఎండ బాగున్న రోజు 12 యూనిట్ల దాకా వస్తాయి. ఇంటికీ కారుకీ కలిపి బిల్లు పెద్దగా కనిపించట్లేదు.

నేను రాయాలనుకున్నది వేరే సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా బంధువుల ఇళ్ల ముందు కార్లు సీట్ల పైదాకా మునిగాయి. అలా మునిగిన బండ్లు కడిగి, తుడిచి, ఏ ఊళ్లో అమ్ముడవుతాయో ఎవరికి తెలుసు? పెట్రోల్ బండి మునిగితే ఇంజిన్ విప్పి చూస్తారు. ఎలక్ట్రిక్ బండిలో నష్టం వెంటనే బయటపడదు. బ్యాటరీ ప్యాక్‌ను నీళ్లు చొరకుండానే కడతారు, కానీ అన్నేసి రోజులు నీళ్లలో నిలబడాలని ఎవరూ కట్టరు. కనెక్టర్లలో చేరిన తేమ నెలల తర్వాత పచ్చగా చిలుము పడుతుంది. ఒకరోజు పొద్దున్నే ఇన్సులేషన్ లోపం చూపించి బండి ఆన్ కానంటుంది.

సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి మడతల్లో ఒండ్రు గీత ఉండిపోతుంది. డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడండి. సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా? హెడ్‌లైట్ లోపల మరక ఉందా? ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర రాయించుకోండి. ఏ ఊరి బండైనా సరే, 2024 తర్వాత చేతులు మారిందంటే ఇది అడగాల్సిందే.

కొండాపూర్_ఐదో అంతస్తు (హైదరాబాద్)

అపార్ట్‌మెంట్ వాళ్ల కోసం రాస్తున్నాను. మా అసోసియేషన్ మొదట ఒప్పుకోలేదు, మంటలు వస్తాయన్నారు. కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలలో, ఇంటికి ఉన్న కనెక్షన్ నుంచే సొంత బండిని చార్జ్ చేసుకోవచ్చని ఉంది. అది ప్రింట్ తీసి మీటింగ్‌లో పెట్టాను. దాంతో పాటు పని ఎలా చేయిస్తానో కూడా రాసిచ్చాను: మా ఫ్లాట్ మీటరు నుంచే విడిగా వైరు, 4 స్క్వేర్ ఎంఎం రాగి, పైపులోంచి, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది). కామన్ కరెంటు ఒక్క యూనిట్ వాడనని తెలిశాక ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు మా సెల్లార్‌లో ఇంకొందరు అదే పద్ధతిలో పెట్టించుకున్నారు.

దయచేసి ఎర్తింగ్ పరీక్ష చేయించండి. పాత ఇళ్లలో ఎర్త్ పిన్ను ఉంటుంది, వెనక వైరు ఉండదు. అలాంటి చోట చాలా కార్లు చార్జింగే తీసుకోవు. గీజరుకు పెట్టిన పాత 15 ఆంప్స్ సాకెట్ వాడకండి. గీజరు పావుగంట తిరిగి ఆగుతుంది, కారు గంటల తరబడి అదే కరెంటు లాగుతుంది. మా అక్కావాళ్లు అద్దెకున్న ఇంట్లో లూజుగా ఉన్న సాకెట్ కరిగిపోయింది. సమయానికి చూశారు కాబట్టి సరిపోయింది. కొత్త ఇండస్ట్రియల్ సాకెట్‌కు పెద్ద ఖర్చు కాదు, పెట్టించుకోండి. ఈ లైను ఇన్వర్టరుకు మాత్రం కలపనివ్వకండి.

ఎడారి_తెలుగు (ఫీనిక్స్, అరిజోనా)

వేడి గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. ఇక్కడ 2012లోనే ఆ పాఠం అందరికీ తెలిసింది. మొదటి తరం నిస్సాన్ లీఫ్ బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు, గాలికి చల్లారాల్సిందే. ఫీనిక్స్ ఎండలకు కొన్న ఏడాది రెండేళ్లకే మీటర్లో బ్యాటరీ సామర్థ్యం చూపే 12 గీతల్లో కొన్ని మాయమవడం మొదలైంది. గొడవ కోర్టు దాకా వెళ్లాక, తొమ్మిది గీతల కంటే తగ్గితే ఐదేళ్లు లేదా 60 వేల మైళ్ల వరకు చూసుకునేలా కంపెనీ సామర్థ్యానికి వారంటీ ఇచ్చింది. అందుకే ఇక్కడ పాత లీఫ్ కొనే ముందు లీఫ్ స్పై యాప్ పెట్టి ప్యాక్ చూడకుండా ఎవరూ డబ్బు ఇవ్వరు.

మీరు చూస్తున్న నెక్సాన్‌కు ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది, అది పెద్ద ధైర్యం. అయినా 100 శాతం నింపి మే నెల ఎండలో రోజంతా నిలబెట్టడం మానండి. వేడి, నిండు చార్జి రెండూ కలిసినప్పుడే సెల్ వేగంగా ముసలిదవుతుంది. ఊరెళ్లే రోజు 100 చేసి వెంటనే బయల్దేరితే ఏమీ కాదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మా కర్నూలు ఎండలు కూడా ఏం తక్కువ కాదప్పా. మధ్యాహ్నం హైవే మీద నుంచి వచ్చి వెంటనే ఫాస్ట్ చార్జర్ పెడితే స్పీడు తగ్గించేస్తుంది, బ్యాటరీని కాపాడుకోవడానికి. కాసేపు నీడలో నిలబెట్టి పెట్టుకోవాల. ఈ మోడల్‌కు ఫాస్ట్ చార్జర్‌లో 80 శాతానికి గంట అని కంపెనీయే చెప్పింది. పెద్ద 120 కిలోవాట్ల చార్జర్ దొరికినా ఇది అంత లాక్కోలేదు, దానికోసం క్యూలో ఉండాల్సిన పని లేదు.

టైర్లు చూడండి. బండి బరువెక్కువ, ముందు చక్రాలకు టార్క్ (తిప్పే బలం) ఒక్కసారిగా వస్తుంది, తొందరగా అరుగుతాయి. 58 వేలంటే రెండో సెట్ ఉండాల. అదే బ్రేక్ ప్యాడ్లయితే రీజెన్ వల్ల, అంటే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపడం వల్ల, చానా కాలం వస్తాయి. ఇంకొకటి, బానెట్ కింద మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. మూడు నాలుగేళ్లకు మార్చాల్సిందే, ఈ బండికి మార్చారో లేదో అడగండి.

లిఫ్ట్ మీద ఎక్కించి కింద కూడా చూడండి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు తగిలి ప్యాక్ కవచం సొట్టపోయి ఉంటే ఆ బండి వద్దు. గీతలైతే పర్వాలేదు.

ఎల్బీనగర్_చౌరస్తా (హైదరాబాద్)

మిర్యాలగూడ మాట మరిచిపోయినం. ఉప్పల్ నుంచి పోనీకె 140 దాకా అయితది. పొద్దున 100తో పోతే ఊర్ల ఇరవై, పాతిక శాతంతోని దిగుతరు, స్పీడు 80, 90 మధ్యల ఉంచితే. అత్తగారింట్ల కూడా ఒక మంచి 16 ఆంప్స్ పాయింట్ ఎర్తింగ్‌తోని పెట్టియ్యండి. రాత్రి ఉంటే పొద్దుగాల వరకు నిండుతది. అదే రోజు వాపస్ రావాలంటే నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ వైపు విజయవాడ హైవే మీద హోటళ్లకాడ చార్జర్లున్నయి. ఒక్క చార్జర్‌ను నమ్ముకుని మాత్రం పోకండి, రెండోది పనిచేస్తున్నదా అని యాప్‌ల చూసుకోండి. రెండు మూడు యాప్‌లు ముందే పెట్టుకుని, వాలెట్ల పైసలు వేసుకోండి.

ఉప్పల్_రింగ్‌రోడ్ (హైదరాబాద్)

ఆదివారం పొద్దున్నే ఓఆర్ఆర్ చుట్టు తిరిగాం. 100తో బయల్దేరి ఆయన ఇంటికి తిరిగొచ్చేసరికి 22 శాతం. 166 కిలోమీటర్లు, సగటు 125. గాజువాక గారి లెక్క ప్రకారం 26.6 యూనిట్లు, సుమారు 88 శాతం. సర్వీస్ సెంటర్‌లో డబ్బు కట్టి బ్యాటరీ రిపోర్ట్ తీయించాం, 90 శాతం అని వచ్చింది. కింద కవచం మీద గీతలే, సొట్టలు లేవు. సీటు బెల్టులు, కార్పెట్లు శుభ్రంగా ఉన్నాయి. టైర్లు మాత్రం అయిపోయాయి, 12 వోల్టుల బ్యాటరీ మార్చలేదు. ఆ రెండూ చూపిస్తే 7.40కి వచ్చారు.

ఇంకా మూడు అనుమానాలు. ఆయన దగ్గర వాల్ బాక్స్ గోడకు ఉంది, అది ఇవ్వరట. కార్ యాప్ ఇప్పటికీ ఆయన ఫోన్‌లోనే నడుస్తోంది. లోన్ కూడా ఈ మధ్యే తీరింది.

కొండాపూర్_ఐదో అంతస్తు (హైదరాబాద్)

వాల్ బాక్స్ లేకపోయినా నష్టం లేదు. బండితో వచ్చిన పోర్టబుల్ చార్జర్ మాత్రం వదలకండి. తీసుకునే ముందు మీ ఇంట్లోనే ఒక రాత్రి దానితో చార్జ్ పెట్టి చూడండి, ప్లగ్గు వేడెక్కుతోందేమో చేత్తో తాకి చూడండి.

ఆర్టీయే_గల్లీ (వరంగల్)

కాగితాల సంగతి నేను చెప్త. లోన్ తీరింది అంటే సరిపోదు, బ్యాంక్ ఎన్ఓసీతో (అభ్యంతరం లేదనే కాగితం) ఫారం 35 ఇచ్చి ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బ్యాంక్ అప్పు నమోదు, తీసేయించాలె. అది అయ్యేదాక పూర్తి సొమ్ము ఇయ్యకండి. తర్వాత ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు. ఇన్సూరెన్స్ 14 రోజులల్ల మీ పేరు మీదకు మార్చుకోవాలె. ఆ తర్వాత ఏదన్నా అయితే మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ రాదు. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతది, కాబట్టి ప్రీమియం కొంచెం పెరుగుతది. జీరో డెప్ (పార్టులు పాతవని క్లెయిమ్‌ల కోత పెట్టని పాలసీ) తీసుకోండి, బ్యాటరీకి నీళ్లు, షార్ట్ సర్క్యూట్ కవర్ చేసే యాడ్ ఆన్ ఉంటే అది కూడా.

నంబర్ ప్లేట్ పచ్చదాని మీద తెల్ల అక్షరాలేనా? పసుపు అక్షరాలుంటే అది క్యాబ్‌గా తిరిగిన బండి, రోజూ ఫాస్ట్ చార్జింగ్ చేసి ఉంటరు. వేరే రాష్ట్రం బండి చూసేటోళ్లు ట్యాక్స్ సంగతి అడ్వాన్స్ ఇయ్యకముందే ఆర్టీయేల అడగండి. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాక ఉన్న రోడ్డు ట్యాక్స్ మినహాయింపు ఇక్కడ కొని ఇక్కడ రిజిస్టర్ చేసిన ఈవీలకు.

యాప్ మాట చిన్నది కాదు. ఆయన అకౌంట్ల ఉన్నన్ని రోజులు మీ బండి ఎక్కడున్నదో ఆయన ఫోన్ల కనిపిస్తది, తలుపులు కూడా తీయొచ్చు. ఆర్సీ మీ పేరు మీదకు రాంగనే దాని కాపీతోని షోరూమ్‌కు పోయి ఓనర్ వివరాలు మార్పియ్యండి, అక్కడనే నిలబడి మీ ఫోన్ల యాప్ లాగిన్ చేయించుకోండి. వారంటీ రికార్డుల కూడా అప్పుడే మీ పేరు ఎక్కించమనండి.